రూట్‌లో పెట్టిన పాట

శనివారం పొద్దున్న గవర్రాజు పెట్టుకున్న పని చిన్నదే. శామ్యూల్ మాస్టారి ఇంటికి వెళ్లి పాత కంప్యూటర్ మీది దుమ్ము దులపడం, అక్కడే ఓ టీ తాగడం, తిరిగొస్తూ బచేలి బజార్లో చేపలు కొనుక్కోవడం.

శామ్యూల్ నిజానికి రైల్వేలో బుకింగ్ క్లర్కు. చర్చిలో పాటలు నేర్పేవాడు కాబట్టి రైల్వే కాలనీకంతటికీ మాస్టారయ్యాడు. ఆయన కంప్యూటర్లో పాతకాలపు సంగీతం సాఫ్ట్‌వేర్ ఒకటుంది. స్వరాలు టైపు చేస్తే కీచుగొంతుతో వాయిస్తుంది. పెళ్లైన కొత్తలో భార్య ప్రమీలారాణి కోసం కట్టిన పాటని ఆయన అందులో ఎక్కించాడు. మాస్టారు పోయి ఏడాది కావడంతో ఆదివారం ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టారు. ఆ పాట అందరికీ వినిపించాలని ఆవిడ ఆశ.

"అన్నియ్యా, బూజంతా కాస్త శుబ్బరం చేసి పెట్టండి. నాను వంట సామాను చూసుకుంటాను," అని ఆవిడ లోపలికి వెళ్లింది.

పైన తుడవడం అయ్యాక గవర్రాజుకు లోపల కూడా శుభ్రం చేస్తే బాగుంటుందనిపించింది. రైల్వే సిగ్నల్ స్టోర్లో బోల్టులు ఒక పెట్టెలో, ఫ్యూజులు ఒక పెట్టెలో ఉంచి రిటైరైన మనిషి. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లన్నీ కలగాపులగంగా కనిపించాయి. పేరు చివర ఒకేలా ఉన్నవాటిని ఒక్కో ఫోల్డర్లోకి సర్దాడు. అనవసరమనిపించినవి తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. తృప్తిగా సాఫ్ట్‌వేర్ మీద నొక్కాడు. స్టార్టప్ ఫైళ్లు దొరకలేదని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించి అది మాయమైంది.

గాభరాగా మేనల్లుడు ధీరజ్‌కి ఫోన్ చేశాడు. అతను జగ్దల్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"ఏం ముట్టుకున్నావ్ మావయ్యా?"

"ఏటీ ముట్టుకోలేదురా. సర్దేను, అంతే."

"సర్దేవా! అరే యార్... అది లేవాలంటే కొన్ని ఫైళ్లు దాని పక్కనే ఉండాలి, కొన్ని రూట్‌లో ఉండాలి. ముందు వాటిని రూట్‌లో పెట్టు."

"ఏ రూట్‌లో రా?" అని గవర్రాజు అడిగేలోపు సిగ్నల్ పోయింది.

గవర్రాజుకు తెలిసిన రూట్ తాను పనిచేసిన రైలు లైను ఒక్కటే. ‘కొత్తవలస–కిరండూల్’ అని ఒక ఫోల్డర్ చేసి ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించాడు. సాఫ్ట్‌వేర్ లేవలేదు. తిరుగు దారేమోనని ‘కిరండూల్–కొత్తవలస’ అని ఇంకొకటి చేసి, అన్నీ అందులోకి కాపీ చేయడం మొదలుపెట్టాడు.

"పాట వస్తోందా అన్నియ్యా?" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

"వత్తాది చెల్లెమ్మా! దార్లో ఉంది!"

పక్క క్వార్టర్స్ సింహాచలం కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏటయినాది?"

"స్టార్టప్ దొరకట్లేదు," అన్నాడు గవర్రాజు ఏడుపు మొహంతో.

సింహాచలానికి సగం వినబడితే చాలు, సాయానికి దిగిపోతాడు. వెళ్లి జనరేటర్ మెకానిక్ మంగ్లూని స్పానర్లతో సహా తీసుకొచ్చాడు.

"స్టార్టర్ కిదర్ హై బాబూ? సెల్ఫా, కిక్కా?" అని మంగ్లూ గదంతా వెతికాడు. ఇంజన్ కనబడలేదు. ఏ రిపేరుకైనా ముందు కరెంటు తీసెయ్యాలన్నది అతని నియమం. ప్లగ్గు పీకేశాడు. కాపీ అవుతున్న ఫైళ్లు మధ్యలోనే ఆగిపోయాయి. ఆ తర్వాత కంప్యూటరే సరిగా లేవలేదు.

ఫోన్ మళ్లీ కలవకపోవడంతో ధీరజ్ బస్సెక్కి మధ్యాహ్నానికి వచ్చాడు. మిషన్ని ఎలాగో లేపి, ఫోల్డర్ల పేర్లు చదివి నెత్తి కొట్టుకున్నాడు.

"రూట్ అంటే రైలు రూట్ కాదు మావయ్యా! డ్రైవ్ మొదట్లో, ఏ ఫోల్డర్లోనూ కాకుండా పెట్టమన్నాను."

"ఆ ముక్క చెప్పకుండా ఫోనెందుకు పెట్టేసేవు?"

ధీరజ్ ఒక్కో ఫైలునీ వెతికి దాని చోట్లో పెట్టాడు. పొద్దువాలే వేళకి సంగీతం సాఫ్ట్‌వేర్ నీలం తెర వచ్చింది. ఈసారి ఏ తప్పూ చూపించకుండా అది తెరుచుకుంది. సింహాచలం చప్పట్లు కొట్టాడు. మంగ్లూ స్పానర్ సంచిలో పెట్టుకుని, తానే స్టార్ట్ చేసినంత సంతోషించాడు. ప్రమీలారాణి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

జాబితాలో క్రిస్మస్ పాటలున్నాయి. పెళ్లి పాటలున్నాయి. ఆవిడ పాట లేదు.

"ఏ పేరుతో పెట్టారత్తా?" అని ధీరజ్ అడిగాడు.

"ప్రమీల అనే. ఎనకాల ఓల్డ్ అని ఉంటాది. పాత పాట కదా."

ఆ పేరు గవర్రాజు పొద్దున్న చూశాడు. ఎవడో కొంటెవాడు చెల్లెమ్మని ముసలిది అని రాశాడనుకుని, ఆవిడ మీది గౌరవంతో అన్నిటికంటే ముందు దాన్నే తీసేశాడు.

"ఎనక్కి తేలేవేట్రా?" అని మెల్లిగా అడిగాడు.

"తీసేశాక ఇంకేమీ ముట్టుకోకుండా ఉంటే దొరికేదేమో. దాని జాగాలో నీ రూట్లన్నీ రాసేసినట్టున్నావు మావయ్యా."

గవర్రాజు తల దించుకున్నాడు. "నానే తీసేసేను చెల్లెమ్మా. నిన్ను ముసల్దానివంటన్నారనుకున్నాను."

ప్రమీలారాణి ముందు పకపకా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆయన నన్నేనాడూ ఆ మాట అన్లేదు అన్నియ్యా."

"నీకు గుర్తుంటాది గదా?"

"పల్లవే. చరణం ఆయన రోజుకోలాగ పాడేవోరు. ఒక్కటైనా సరిగ్గా నిలబడాలని ఇందులో ఎక్కించినారు." గవర్రాజు ఇంకా అలాగే నిలబడి ఉండటం ఆవిడ గమనించింది. "కూర్చోండి. పొద్దుట్నుంచీ టీ అయినా తాగలేదు," అంది.



ఆదివారం కూడికలో ప్రమీలారాణి తనే పల్లవి ఎత్తుకుంది. అందరూ కలిశారు. చరణం దగ్గరికి వచ్చేసరికి మాస్టారి పాత స్నేహితులు ఎవరికి గుర్తున్నది వారు పూర్తి ధీమాతో పాడారు. ఆ పాట ఎన్నడూ విననివాడు కాబట్టి సింహాచలం అందరికంటే గట్టిగా పాడాడు. గవర్రాజు ఒక్కడే నోరు మెదపకుండా గుమ్మం పక్కన నిలబడ్డాడు.

మాస్టారి పాటకు ఆ పూట చాలా చరణాలు దొరికాయి. మాస్టారు ఎక్కించినది మాత్రం వాటిలో లేదు.