కొవాల్చుక్ గారి నీళ్ళ గొట్టాలు

కెనడాలోని మా విన్నిపెగ్‌లో ఇల్లు లేనివాళ్ళు లేరు! ఉండే వీలే లేదు. మైనస్ ముప్పై చలిలో బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యబారిపోతాడు. కొయ్యబారిన మనుషులు వీధుల్లో వరసగా కనిపించడం లేదు కాబట్టి, ఇల్లు లేనివాళ్ళు లేనట్టే. ఇంత తేలిక లెక్క మిగతా దేశాలకు ఎందుకు తోచలేదో! ఇళ్ళు కట్టించడం, అద్దెలు తగ్గించడం లాంటి తలనొప్పులన్నీ మాకు చలే తప్పించింది.

మా వీధిలో ఈ సిద్ధాంతాన్ని అందరికంటే గట్టిగా నమ్మేది లోర్నా ఫ్రీసెన్ గారు. మరి వీధి చివర బస్‌స్టాపు అద్దాల గదిలో దుప్పట్లు చుట్టుకుని పడుకునే మర్విన్ సంగతేమిటంటారా? అతను బస్సు కోసం చూస్తున్నాడు. మంచు మొదలైనప్పటినుంచి ఒక్క బస్సూ ఎక్కలేదంటే, కావలసిన బస్సు ఇంకా రాలేదన్నమాట.

వీధిలో మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. ఎక్కడినుంచో వచ్చిపడ్డాడని ఒకరు. చుక్క పడితే చలి దరి చేరదని ఇంకొకరు. అలవాటైన ఒళ్ళు, ధ్రువపు ఎలుగుబంటికి పడకగది కావాలా అని మరొకరు! పోయిన చలికాలం అతని కాలివేళ్ళు రెండు పోయాయి. ఈసారి గడ్డకడితే పాదమే తీసెయ్యాలని ఆసుపత్రి నర్సు చెప్పింది. రాత్రిళ్ళు తలదాచుకునే షెల్టర్లేమో పొద్దు గూకేలోపే నిండిపోతాయి. అయినా అలవాటు అలవాటే కదా!

లోర్నా గారిది వెన్నలాంటి మనసు. ఒకరోజు వేడి సూపు చేతికిచ్చి, వాంకూవర్ వెళ్ళిపొమ్మని హితవు చెప్పారు.

"అక్కడ మంచే పడదట నాయనా. చలి పడనివాళ్ళు వెచ్చని చోటికి పోవాలి గానీ, ఇక్కడెందుకు పడుండడం?"

"పోయారుగా," అన్నాడు మర్విన్, కొవాల్చుక్ గారింటి వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ. "నేను పుట్టింది ఈ వెనక వీధిలో లోర్నా గారూ. తెలిసిన మొహాలన్నీ ఇక్కడే. అక్కడ నన్ను పలకరించేదెవరు?"

నిజమే, కొవాల్చుక్ దంపతులు ఏటా మంచు పడగానే ఎండ కాసే అరిజోనాకు చెక్కేస్తారు. ఇల్లు ఖాళీగా ఉంటుంది గానీ హీటింగ్ మాత్రం ఆపరు. ఆపితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయి. అందుకే తాళంచెవి లోర్నా గారికిచ్చి, రోజూ ఒకసారి చూసి రమ్మంటారు. గొట్టాలు సుకుమారం, పాపం. వాటిని వాంకూవర్ వెళ్ళమని ఎవరూ అనరు.

జనవరిలో ఆ హీటింగ్ కాస్తా చచ్చింది. బాగుచేసేవాడు మర్నాడు గానీ రానన్నాడు. లోర్నా గారి గుండెలో రాయి పడింది. వీధి వీధంతా కదిలింది! ఉన్ని శాలువాలు, కరెంటు హీటర్లు, జుట్టు ఆరబెట్టుకునే మిషను, మనవడికని అల్లిన స్వెట్టరు, అన్నీ బస్‌స్టాపు మీదుగానే ఆ ఇంటికి ఊరేగింపుగా వెళ్ళాయి. వంటింటి గొట్టానికి స్వెట్టరు తొడుగుతూ ఒకావిడ కంటతడి కూడా పెట్టుకుంది.

ఇక చిక్కల్లా ఒక్కటే. రాత్రంతా ఆ ఇంట్లో ఉండి హీటర్లు అటూ ఇటూ జరిపేదెవరు? అంత చలిలో మనిషన్నవాడు ఉండగలడా? ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి బీపీ. అప్పుడు గుర్తొచ్చాడు మర్విన్. అలవాటైన ఒళ్ళు!

మర్విన్ కాదనకుండా వచ్చాడు. తెల్లవార్లూ గొట్టాలను కంటికి రెప్పలా కాచాడు. పొద్దున హీటింగ్ బాగయింది. గదులు వెచ్చబడ్డాయి. అతను బూట్లు విప్పి, తడి మేజోళ్ళు ఆరేసి, మిగిలిన వేళ్ళను వేడిగాలి వచ్చే జాలీ మీద పెట్టుకున్నాడు. అప్పుడే లోర్నా గారు వచ్చారు.

"చలిలో నిన్ను చాలా కష్టపెట్టాం నాయనా. ఇల్లు వెచ్చబడిందిగా, ఇక నువ్వు వెళ్ళొచ్చు."

మర్విన్ ఆరేసిన మేజోళ్ళను చేత్తో తడిమాడు.

"మేజోళ్ళు ఇంకా ఆరలేదండీ," అన్నాడు.

లోర్నా గారిది వెన్నలాంటి మనసని చెప్పానుగా! వెంటనే వెతికి, తడివి పెట్టుకోవడానికి ప్లాస్టిక్ సంచి ఇచ్చారు.

వీధంతా కిటికీల్లోంచి చూస్తూనే ఉంది. మర్విన్ అంత వెచ్చని ఇల్లు వదిలేసి, వట్టి కాళ్ళకు బూట్లు తొడుక్కుని, సంచి పట్టుకుని మళ్ళీ బస్‌స్టాపుకే నడిచాడు. చూశారా మరి? ఇలాంటివాళ్ళకు బయటుండడమే ఇష్టమండీ!