పచ్చ చొక్కా వచ్చినప్పుడల్లా ఆరిపోయే కంప్యూటర్

“నూజివీడులో నేరస్తుడికి రెండే దారులు రాజూ. ఒకటి లొంగిపోవడం. రెండోది నాకు దొరికిపోవడం” అన్నాడు సత్యనారాయణమూర్తి, గాజుల పెట్టె మూత వేస్తూ.

మూర్తిది బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు. వృత్తి గాజులు, ప్రవృత్తి అపరాధ పరిశోధన. కిందటేడు పట్టిన తప్పిపోయిన పిల్లి కేసులో, పిల్లి తనంతట తానే ఇంటికొచ్చి, మూర్తిని చూసి మళ్లీ పారిపోయింది. చిన్నప్పటి స్నేహితుడైన పాపానికి లెక్కల మాస్టారు సువర్ణరాజు ఇవన్నీ వింటూ వస్తున్నాడు. ఆరోజు మాత్రం అతనికి ఓపిక లేదు.

భార్య విజయరాణి నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్ పొద్దుటి నుంచి మాటిమాటికీ ఆరిపోతోంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి నెలయింది. చాట్రాయి నుంచి జెరూషా అనే అమ్మాయి నర్సింగ్ సీటుకి దరఖాస్తు పెట్టడానికొచ్చింది. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. నాలుగుసార్లు నింపితే నాలుగుసార్లూ చివరి పేజీలో తెర నల్లబడింది. మిగతా సెంటర్లలో జనం రోడ్డు దాకా నిలబడ్డారు. మెకానిక్ హనుమాన్ జంక్షన్‌లో ఉన్నాడు, ఆరు దాటితే గానీ రాలేనన్నాడు.

ఈ సంగతి మూర్తితో అనడమే సువర్ణరాజు చేసిన తప్పు.

“వైరస్ అయ్యుంటుందిరా” అన్నాడు సువర్ణరాజు.

“వైరస్ కాదు, వైరి. ఎవడో పగబట్టాడు. పద” అని మూర్తి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

సెంటర్ సగం గది, సగం మామిడి గోడౌను. బల్ల కింద రెండు రసాల బుట్టల మధ్య సీపీయూ ఇరుక్కుని ఉంది. దాని వెనక గాలి రంధ్రాల నిండా వరిగడ్డి.

“ఎవరూ దేన్నీ తాకకండి” అని మూర్తి తనే సీపీయూ మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. “రాజూ, పెట్టెలోంచి ఎవడో నా చెయ్యి గుంజాడు.”

“నాకూ అప్పుడప్పుడు జిల్లుమంటుంది అన్నయ్యగారూ. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిగిపోయింది” అంది విజయరాణి తాపీగా.

సువర్ణరాజు గతుక్కుమన్నాడు. “నాకు చెప్పలేదేం?”

“చెప్పాను. ఆదివారం చూద్దామన్నారు. ఏ ఆదివారమో చెప్పలేదు.”

‘మూడు కాళ్లలో ఒకటి గల్లంతు’ అని నోట్‌బుక్కులో రాసుకుని, మూర్తి పౌడర్ డబ్బా తీశాడు. కీబోర్డు మీద చల్లబోతుంటే సువర్ణరాజు చెయ్యి పట్టుకున్నాడు.

“వేలిముద్రలు కావాలిరా.”

“అన్నీ నావేనండి” అంది విజయరాణి.

జెరూషా ఐదోసారి మొదలుపెట్టింది. మూర్తి కిటికీ దగ్గర కాపలా కాశాడు. పక్కనే మంగమ్మ జ్యూస్ షాపు. పచ్చ చొక్కా మనిషొకడు అక్కడికి వచ్చాడు. రెండు నిమిషాలకి కంప్యూటర్ ఆరిపోయింది. జెరూషా చున్నీతో కళ్లు తుడుచుకుని మళ్లీ తన పేరు దగ్గర్నుంచి కొట్టడం మొదలుపెట్టింది. నాలుగుంబావుకి పచ్చ చొక్కా మళ్లీ వచ్చాడు. తెర మళ్లీ నల్లబడింది.

“దొరికాడు” అన్నాడు మూర్తి. “రంగు పచ్చ, బుద్ధి నలుపు. నేను బల్ల కింద పొంచి ఉంటా. వాడు ఈసారి రాగానే మెరుపులా లంఘిస్తా.”

“నువ్వు లంఘించి పాతికేళ్లయిందిరా.”

మూర్తి వినలేదు. బుట్టల మధ్య దూరాడు. జెరూషా ఏడోసారి ఇంటిపేరు దాకా వచ్చేసరికి పచ్చ చొక్కా కిటికీలో కనిపించింది. మూర్తి లంఘించాడు. కాలు మాత్రం వైర్లలోనే ఉండిపోయింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడ నుంచి ఊడొచ్చింది. మూర్తి బోర్లా వెళ్లి రసాల బుట్ట మీద పడ్డాడు. కంప్యూటర్ ఆరిపోయింది. అదే క్షణంలో పక్క షాపులో అప్పుడే మొదలైన గుర్రుమనే చప్పుడు కూడా ఆగిపోయింది.

“విజయమ్మగారూ, నా మిక్సీ ఎందుకు ఆపారండీ?” అంది మంగమ్మ కిటికీలోంచి తొంగిచూసి. “జ్యూసు సగంలో ఉంది.”

సువర్ణరాజు బోర్డు చేతిలోకి తీసుకున్నాడు. అందులోంచి ఒక వైరు కిటికీ గుండా బయటికి పోతోంది.

“మంగమ్మగారూ, ఈ వైరు మీ బల్బుకి కదండీ ఇచ్చింది?”

“బల్బుకేనండి” అని ఆవిడ నసిగింది. “నిన్న రాత్రి మా ప్లగ్గు కాలిపోతే మిక్సీ కూడా దానికే పెట్టా. రెండు గ్లాసులకేగా అని చెప్పలేదు.”

ఒకే పాత బోర్డు మీద కంప్యూటరూ, మిక్సీనూ. మిక్సీ తిరిగినప్పుడల్లా కంప్యూటర్‌కి కరెంటు చాలడం లేదు.

“వైరీ కాదు, వైరసూ కాదురా మూర్తీ. వైరు” అన్నాడు సువర్ణరాజు.

పచ్చ చొక్కా గుమ్మంలోకి వచ్చాడు. మామిడి లారీలు నింపించే మురళీకృష్ణ. “ఏంటండీ ఆలస్యం? మా లోడింగ్ వాళ్లు జ్యూసు కోసం చూస్తున్నారు.”

“కదలకు” అన్నాడు మూర్తి కింద నుంచి.

“మీరే కదలండి బాబూ, రసాలు నలుగుతున్నాయి.”

టైము నాలుగున్నర. సువర్ణరాజు ప్రింటర్ వైరు ఊడదీశాడు. దాని ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నాయి. దాన్ని సీపీయూకి తగిలించి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాడు. విజయరాణి గడ్డి దులిపి, సీపీయూని గోడకి జానెడు ఎడంగా స్టూలు మీదికి ఎక్కించింది. మంగమ్మ మిక్సీ పక్కన పెట్టి రసాలు చేత్తో పిండసాగింది. జెరూషా ఎనిమిదోసారి మొదలుపెట్టింది. మురళీకృష్ణ కూడా జ్యూసు మాట మర్చిపోయి తెర వంకే చూస్తున్నాడు.

నాలుగూ యాభై రెండుకి దరఖాస్తు అందినట్టు నంబరొచ్చింది. ప్రింటు తీసే దారి లేక జెరూషా దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుంది. రెండుసార్లు సరిచూసుకుంది. ఫోన్ తీసి, “అయిపోయిందమ్మా” అంది.

ఫోన్ పెట్టేసి, “అసలు ఎవరు కనిపెట్టారు అంకుల్?” అని అడిగింది.

మూర్తి చొక్కా నిండా రసం, మోకాలు చెక్కుకుపోయి ఉంది. తప్పు చేసిన పిల్లాడిలా సువర్ణరాజు వైపు చూశాడు. ఎర్త్ పిన్ను సంగతి నెలల తరబడి వాయిదా వేసిన సువర్ణరాజుకి ఆ చూపు తనదే అనిపించింది.

“మూర్తిగారేనమ్మా” అన్నాడు. “పడి మరీ పట్టుకున్నారు.”