ఛాంపియన్ పుట్టిన మంచం

మా లోయ మేయర్ టోర్గెయిర్ గారు చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నారు. నార్వే తరఫున మూడు ఒలింపిక్స్‌లో స్కీల మీద కొండలూ అడవులూ చుట్టి, ఒక కంచు పతకం తెచ్చి, ఈ ఏడు ఆట మానేసిన మా ఈడున్ గౌరవార్థం ఆమె పుట్టిన గదిని మ్యూజియం చేస్తారు. మా ఆరోగ్య కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క పురిటి గది అదే. కాబట్టి ఇక నుంచి అక్కడ పురుళ్లు పోయరు.

నాకు ఎనిమిదో నెల. పట్నం ఆసుపత్రికి కొండదారిలో రెండున్నర గంటలు. మంచు కురిస్తే ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు. మొదటి కాన్పు నాలుగు గంటల్లో అయింది. రెండోది ఇంకా తొందరగా అవుతుందని మంత్రసాని గున్వోర్ చెప్పింది.

పద్నాలుగు మంది ఆడవాళ్లం, పురిటి గది మూయొద్దని రాసిన అట్టలు పట్టుకుని మేయర్ ఆఫీసుకు వెళ్లాం. ఆయన బయటికొచ్చి, అట్టలన్నీ ఓపిగ్గా చదివారు.

"బాగా రాశారమ్మా. మీ ఐకమత్యం చూస్తే ముచ్చటేస్తోంది. శనివారం ఆ గది ఖాళీ చెయ్యాలి. దుగ్నాడ్."

దుగ్నాడ్ అంటే కూలి లేకుండా ఊరంతా కలిసి చేసే పని. దానికి రానన్న మనిషి మా లోయలో ఇంతవరకు లేడు. మా నాయనమ్మ విరిగిన చేత్తో వచ్చి బడి కిటికీలకు రంగు వేసింది.

"తినడానికి నేను వాఫుల్స్ తెస్తాలే," అంది నా పక్కనే అట్ట పట్టుకున్న సోల్వై.

"చీజు నేను తెస్తా," అన్నాను. ఆ మాటన్నది నా నోరే.

శనివారం అందరూ బీరువాలు మోశారు. బరువులెత్తొద్దని నాకు మా అట్టలే ఇచ్చారు. వెనక్కి తిప్పి 'స్వాగతం' అని రాశాను. గున్వోర్ పసిపిల్లల్ని తూచే త్రాసుని తుడుస్తోంది.

"ఇరవై ఆరేళ్లు పిల్లల్ని తూచానే. ఇక దీంట్లో పతకం పెడతారట," అంది.

ఆదివారం ప్రారంభోత్సవం. "ఈడున్ కెరీర్‌లో మొదటి అడుగు ఈ మంచం మీదే పడింది. తొలినుంచీ ఆమె వెంట నిలిచింది మన మునిసిపాలిటీయే," అన్నారు మేయర్ గారు. పద్నాలుగేళ్లప్పుడు ఆ పిల్ల స్కీ బాటకు దీపాలు అడిగితే కుదరదని సంతకం పెట్టింది ఆయనే. ఆ చీకటే ఆమెలో పట్టుదల పెంచిందని వినయంగా చెప్పుకున్నారు.

ఈడున్ మైకు తీసుకుంది.

"మేయర్ గారూ, నేను ఈ మంచం మీద పుట్టలేదు. మా అమ్మ వచ్చేసరికి ఈ గదికి తాళం వేసుంది. సెలవు రోజట. పట్నం పోతూ పోతూ, వంతెన అవతల, మంచు తోసే లారీలో నన్ను కనింది. నెత్తురాగక చావుదాకా వెళ్లొచ్చింది. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదు. గది తెరవండి."

మేం చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాం. నాకు ఏడుపొచ్చింది. మేయర్ గారి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"అంటే," అన్నారు నెమ్మదిగా, "గది లేకుండానే ఛాంపియన్ పుట్టిందన్నమాట."

మర్నాడు మ్యూజియం రద్దయింది. గదిని రోడ్ల విభాగం ఆఫీసుకు ఇచ్చారు. మంగళవారం నాకు మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది.

'మీ ప్రసవ ఏర్పాటు: మంచు తోసే లారీ, నంబరు నాలుగు. దుప్పటి మీరే తెచ్చుకోవాలి. ఈడున్ అడుగుజాడల్లో నడుస్తున్నందుకు అభినందనలు.'

సాయంత్రం సోల్వై ఫోన్ చేసింది.

"శనివారం లారీ కడిగే దుగ్నాడ్ అట. వాఫుల్స్ నావి. మరి నువ్వు?"

చీజు తెస్తానని చెప్పాను.