నొప్పి లేని సూది పథకం

"ఇకమీదట మన పిల్లలెవరికీ సూదంటే భయం ఉండదు. ఇది నా హామీ!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇలాంటి హామీ ఇవ్వాలంటే ఎంత పెద్ద మనసుండాలి!

పిల్లల వార్డులో పెద్ద నర్సు అందరికన్నా ఎక్కువ సంబరపడింది. ఆమె దిగులంతా ఉడుత గురించే. ఉడుతంటే వార్డులో ఉన్న ఆరేళ్ల పిల్ల. వారం వారం రక్తపరీక్ష. సూది కనబడితే చాలు, వార్డు కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నర్సు ప్రాణం ఉసూరుమనేది. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము తెప్పించమని ఆమె అడగని అధికారి లేడు.

క్రీము వచ్చింది. ఒకే ఒక్క ట్యూబు, దానికో ఎర్ర రిబ్బను.

"గంట ముందే రాయాలండీ. అప్పుడే నొప్పి తెలీదు," అంది నర్సు.

"భలేవారే సిస్టర్! ప్రారంభోత్సవం కాకుండా మూత ఎలా తీస్తారు?" అన్నాడు మంత్రిగారి పీఏ.

"సారు రాగానే సూది వెయ్యమంటే మరి?"

"సారు ఎదురుగా ఉండగా పనిచెయ్యనని అనే ధైర్యం ఆ క్రీముకి ఉంటుందా?"

మంత్రిగారు వేంచేశారు. ఉడుతని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ట్యూబు పైకెత్తి ఉపన్యాసం అందుకున్నారు. తమ బాల్యం, తమ పార్టీ బాల్యం, తమ జాలిగుండె, ఏదీ వదల్లేదు. ఫోటోగ్రాఫరు గోడకి జారగిలబడ్డాడు. ఉడుత తల్లి ఆవులింత ఆపుకోలేకపోయింది. ఉడుత అయితే మంత్రిగారి భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టేసింది.

ఇదే అదనని నర్సు చటుక్కున రక్తం తీసేసింది. పిల్ల కదల్లేదు.

"చూశారా, కిక్కురుమంటే ఒట్టు! అదీ మా క్రీము మహిమ!" అన్నారు మంత్రిగారు.

పీఏ ఆయన చెవిలో గొణిగాడు. "సార్, రిబ్బను ఇంకా కత్తిరించలేదు."

మంత్రిగారు కాసేపు ట్యూబు వంక చూశారు. మెల్లగా మొహం వెలిగిపోయింది.

"అంటే, నా మాటకే ఇంత శక్తి ఉందన్నమాట!"

గొప్పవాళ్లకి తమ గొప్పతనం ఇలాగే కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

వారం తిరక్కుండానే ఉత్తర్వులొచ్చాయి. క్రీము కొనుగోలు రద్దు. సూది వేసే ప్రతిచోటా ముందుగా మంత్రిగారి ఉపన్యాసం పూర్తిగా వినిపించాలి. ఉన్న ఒక్క ట్యూబునీ పట్టుకుపోయి, వార్డుకి ఒక స్పీకరు పంపించారు. నర్సుకి కడుపు మండిపోయింది. అయినా ఉద్యోగం కదా, స్విచ్చి నొక్కింది.

"ప్రియమైన చిన్నారులారా, నా బాల్యంలో..."

ఉడుత బిక్కమొహం వేసి అటూ ఇటూ చూసింది. ఎవరూ పట్టుకోకుండానే చెయ్యి చాపింది.

"నర్సమ్మా, అది ఆపెయ్యవా? పొడిచెయ్. నేను ఏడవన్లే."