మా ఊరంత చెత్త ఊరు ఇంకోటి లేదు!

అయ్యలారా, అమ్మలారా! ఎవరైనా తన ఊరిని నోరారా తిడుతుంటే చెవులు మూసుకోకండి. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ వినండి. ఫేస్‌బుక్ తెరిస్తే ఇదే గోల, వాట్సాప్ తెరిస్తే ఇదే గోల, ఊళ్ళను తిట్టడం ఈ కాలపు జబ్బు అని కొందరు పెద్దలు బాధపడిపోతున్నారు. తప్పు! అది జబ్బు కాదు, విద్య. అందులోనూ గవర్నమెంటు విద్య!

నమ్మకం కుదరడం లేదా? అయితే బర్నబాస్ మాస్టారి సంగతి వినండి.

ఆయన లెక్కల మాస్టారు. కాపురం తెనాలిలో, ఉద్యోగం పెనుమూడి వైపు ఒక హైస్కూల్లో. ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే రేపల్లె రైలెక్కడం, అక్కడ దిగి ఆటో ఎక్కడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. భార్య కృపారాణి తెనాలిలోనే నర్సు. ఆమెకీ పొద్దుటి డ్యూటీలే. ఒకటో తరగతి చదివే కూతురు ఏంజెల్‌కి పక్కింటావిడ జడలు వేసి ఆటో ఎక్కిస్తుంది. "వచ్చే ఏడు నేనే నిన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తానమ్మా" అని ఆయన మూడేళ్ళుగా మాటిస్తున్నాడు. ఈమధ్య ఆ మాట ఎత్తాలంటేనే ఆయనకు సిగ్గేస్తోంది.

అంతలో బదిలీలు వచ్చాయి. ఒకేచోట ఎనిమిదేళ్ళు నిండాయి కాబట్టి ఎలాగూ కదలక తప్పదు. ఆ పద్ధతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. ఖాళీల జాబితా పెడతారు. ఎవరికి ఏ బడి కావాలో వరసగా కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టుకోవాలి. సర్వీసు పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకు అడిగింది ముందు దక్కుతుంది. మిగిలింది కిందివాళ్ళకు.

ఇక్కడే మన మాస్టార్ల ప్రతిభ బయటపడుతుంది! ఎవరికి ఏ ఊరు కావాలో వాళ్ళు నెల ముందు నుంచే ఆ ఊరిని తిట్టడం మొదలుపెడతారు. అది విని మిగతావాళ్ళు హడలిపోయి అటు చూడరని, ఆ ఊరు వచ్చి తమ ఒళ్ళో పడుతుందని ఆశ. ఈ కిటుకు అందరికీ తెలుసు. తనకొక్కడికే తెలుసని అందరి నమ్మకం.

ఆ ఏడు ఆ చుట్టుపక్కల లెక్కల ఖాళీలు నాలుగు. తెనాలి, బాపట్ల, రేపల్లె, పిట్టలవానిపాలెం మండలంలో ఒక చిన్న ఊరు. ఆ చివరిదాని పేరు చెప్పినా మీకు తెలియదు. కావలసినవాళ్ళూ నలుగురే. అందరిలో సీనియరు బాపట్ల శేషగిరిరావు. తర్వాత రేపల్లె హైమావతి టీచరు. ఆ తర్వాత రమేష్ బాబు అనే మాటకారి కాని మనిషి. అట్టడుగున మన బర్నబాస్. నలుగురూ తెనాలిలో ఒక ట్రైనింగులో కలిశారు. భోజనాల దగ్గర పోటీ మొదలైంది.

"బాపట్లలో మనిషనేవాడు ఉంటాడా అండీ?" అని శేషగిరిరావు అందుకున్నాడు. "ఉప్పుగాలి! కొత్త గేటు పెట్టించి రెండేళ్ళు కాలేదు, చెయ్యేస్తే పొడి రాలుతోంది. ఆదివారమైతే సూర్యలంకకి పోయే కార్లు. రోడ్డు దాటాలంటే వర్జ్యం చూసుకోవాలి. పైగా చుట్టాలు! సముద్రంలో మునిగి తిన్నగా మనింటికే వస్తారు. పోయిన నెల మా బాత్రూంలోంచి తట్టెడు ఇసక ఎత్తామండి!"

"మీకు కార్లన్నా వస్తాయి అన్నయ్యగారూ," అంది హైమావతి టీచరు. "మా రేపల్లెకొచ్చిన రైలు కూడా ముందుకి పోలేక వెనక్కి తిరుగుద్ది. పట్టాలే అయిపోయినయ్, ఇంక మనిషికేం ఆశ ఉంటది? మా పక్కింటాయన ఎవరిదో పెళ్ళికని వచ్చాడు. ముప్పై ఏళ్ళయింది, ఇంకా పోలేదు!"

బర్నబాస్ లెక్క వేసుకున్నాడు. పోటీ గట్టిగా ఉంది. పాయింట్లు ఎటూ లేవు, ఇక తిట్లయినా ఉండాలి కదా!

"మీరింకా తెనాలి చూళ్ళేదండి," అన్నాడు. "మూడు కాలవలు, మూడు కోట్ల దోమలు. మా పైవాటాలో నాటకం రిహార్సల్సు. ఆర్నెల్లుగా ఆ రాజుగారు చచ్చిపోతా చచ్చిపోతా పద్యం పాడుతున్నాడు, ఇంకా చావడు. మా పాపకి ఎక్కాలు రావు గానీ ఆ పద్యం నోటికొచ్చేసింది!"

రమేష్ బాబు మాత్రం గోంగూర కలుపుకుంటూ వింటున్నాడు. ఆ మౌనం చూస్తే బర్నబాస్‌కి భయం వేసింది. మాట్లాడనివాడి మనసులో ఏ ఊరుందో!

గంట కొట్టడంతో వాదన వాట్సాప్ గ్రూపుకి ఎక్కింది. "అన్నిటికంటే చెత్త ఊరు ఏది?" అని హైమావతి టీచరు పోలింగు పెట్టింది. రెండు వందల మంది లెక్కల మాస్టార్లు పాఠాలు పక్కనపెట్టి ఓట్లేశారు. మొదటిరోజు రేపల్లె ముందంజ. రెండో రోజు బాపట్ల. మూడో రోజు సాయంత్రం బర్నబాస్ రైల్లో తలుపు పక్కన నిలబడి, ఏడు నిమిషాల వాయిస్ మెసేజి పెట్టాడు.

ఆహా, ఏం మెసేజి! "మా ఊళ్ళో మనిషికి ఏకాంతమన్నది లేదండి. ఒక్కరోజు ఇడ్లీకి పోకపోతే హోటలాయన ఇంటికొచ్చి ఒంట్లో బాలేదా అంటాడు. వంకాయ కూర వండిన ప్రతివాళ్ళూ గిన్నె పట్టుకొచ్చేస్తారు. ఆ గిన్నెలు తిరిగివ్వలేక చస్తున్నాం. అన్ని రైళ్ళూ ఇక్కడే ఆగుతాయి కాబట్టి రైలు మారదామని దిగిన చుట్టాలు మూడు రోజులుంటారు. రిక్షా అతను నాటకాల గురించి మొదలుపెడితే దిగనివ్వడు. వద్దు బాబోయ్, పగవాడిక్కూడా వద్దు తెనాలి!"

తెనాలి నూట పన్నెండు ఓట్లతో చెత్త ఊరుగా గెలిచింది. గ్రూపంతా అభినందనలు. కృపారాణి ఇంట్లో సేమియా పాయసం కాచింది. "ఈసారి మనదేలే" అని బర్నబాస్ ఏంజెల్‌కి కొత్త గొడుగు కూడా కొన్నాడు.

ఫలితాలు వచ్చాయి. శేషగిరిరావుకి బాపట్ల. హైమావతి టీచరుకి రేపల్లె. రమేష్ బాబుకి తెనాలి!

బర్నబాస్ వెంటనే ఫోన్ చేశాడు. రమేష్ బాబు నొచ్చుకుంటూ చెప్పాడు. "నాకసలు తెనాలి ఊసే లేదు తమ్ముడూ. మా చేలున్నది పిట్టలవానిపాలెం పక్కనే. ఆ చిన్న ఊరే పెట్టుకుందామనుకున్నా. అన్నం తింటా నీ మెసేజి పెట్టాను. మీ వదిన రిబ్కా వినింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి వినేసి, 'ఎవరో పాపం, ఆ ఊరంటే ప్రాణం పెట్టుకున్నట్టున్నాడు. మనకి వంకాయ కూర తెచ్చిచ్చిన దిక్కు ఎవరున్నారు? అక్కడికే పోదాం' అని కూర్చుంది. నేనేం చేసేదయ్యా?"

చూశారా! నోరు మూసుకుని ఉంటే నలుగురికీ కోరుకున్నది దక్కేది. బర్నబాస్ ఫోన్ పక్కన పెట్టాడు. గొడుగు తెచ్చి చూపించి "రేపేనా నాన్నా?" అని ఏంజెల్ అడిగింది. ఆయనకు ఏడుపొచ్చింది. లెక్కల మాస్టారు గనక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మిగిలింది ఆ చిన్న ఊరు. అక్కడికి బాపట్ల దాకా రైలు, ఆపైన బస్సు, ఆపైన ఎవరి దయ ఉంటే వాళ్ళ బండి. ఇల్లు కదలాల్సింది మునుపటికంటే అరగంట ముందే! ఒక్కమాట గమనించండి. అన్ని రోజుల పోటీలో, రెండు వందల మందిలో ఒక్కరైనా ఆ ఊరిని తిట్టారా? ఒక్క ఓటు పడిందా? పోలింగులో దాని పేరే పెట్టలేదు! ఎంత మంచి ఊరై ఉండాలి!

బర్నబాస్ జాయినైన రోజు హెడ్‌మాస్టరుగారు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. తర్వాత పదో తరగతిలోకి తీసుకెళ్ళారు. ఇరవై నలుగురు పిల్లలు. లెక్కల పుస్తకాలు కొత్తగా, మడత విప్పకుండా ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ క్లాసుకి లెక్కలు తెలుగు టీచరే చెబుతోందట. మధ్యలో ఇద్దరు మాస్టార్లు వచ్చారు, నిలవలేదు.

ఆయనకు లోపల ఎంత కడుపుమంటగా ఉన్నా, పిల్లల ముందు మర్యాద కదా! "మీ ఊరు చాలా బాగుందర్రా. చల్లటి గాలి, పచ్చటి పొలాలు, మంచి మనుషులు. నాకెంతో నచ్చింది!" అన్నాడు.

క్లాసంతా ఒక్కసారి నీరుగారిపోయింది. ముందు బెంచీలో అమ్మాయి పుస్తకం మూసేసింది.

"ఏంటమ్మా, ఏమైంది?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "పోయిన సారూ మొదటిరోజు ఇదే అన్నారండి. అంతకు ముందు సారు కూడానండి. రోజూ ఫోన్లో ఎవరికో మా ఊరు బాగుంటది, బదిలీ మార్చుకుందాం, మీరు ఇక్కడికి రండి, మీ బడికి నేనొస్తా అని చెప్పేవాళ్ళండి. ఒకళ్ళు నెల, ఒకళ్ళు రెండు నెలలున్నారు." మెల్లగా అడిగింది. "సార్, మా ఊళ్ళో బస్సు రాదండి. దోమలున్నాయండి. వానొస్తే రోడ్డుండదండి. మీరు ఎంతైనా తిట్టుకోండి సార్, ఏమనుకోం. ఫోన్లో మాత్రం ఎవరికీ బాగుందని చెప్పకండి."