మోపెడ్ మీద తొంభై ఏడు

ఆ ఆదివారం ఉదయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బడి మైదానానికి వెళ్లాలి, ఆశ్రిత చేత బంతులు వేయించాలి, వాటి వేగం కొలవాలి, ఎండెక్కకముందే ఇంటికొచ్చి భార్య నీలవేణి వేసే పెసరట్లు తినాలి. చివరికి తప్పిపోయింది పెసరట్లు ఒక్కటేనని తర్వాత ఎవరో అన్నారు గానీ అది అబద్ధం. ఆవేళ ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

ఉదయభాస్కర్ చీపురుపల్లికి అవతల గుమ్మలపేట ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ చుట్టుపక్కల పిల్లలకు బేస్‌బాల్ నేర్పేది ఆయనొక్కడే. ఊళ్లో చాలామంది లెక్కలో అది వికెట్లు కొనుక్కోలేనివాళ్లు ఆడుకునే క్రికెట్. ఆయన ఆ మాటలు పట్టించుకునేవాడు కాదు. ఏ పిల్లలో ఆట ఉందో చూడగానే పట్టేయడం ఆయనకు వచ్చిన ఒకే ఒక్క విద్య. బంతి ఎంత దూరం పోయిందా అని అందరూ అటు చూస్తుంటే, ఈయన విసిరిన పిల్ల పాదాలు చూసేవాడు. విసిరాక తూలిపోయిన వాళ్లను భుజం తట్టి పంపేసేవాడు. నిలదొక్కుకున్న వాళ్లను ఉంచుకునేవాడు. అలా నిలదొక్కుకున్న వాళ్లలో ఆశ్రితలాంటి పిల్లను ఆయన తన సర్వీసు మొత్తంలో చూడలేదు. పదో తరగతి చదువుతోంది. మనిషి సన్నం, మాట తక్కువ. చేతిలో బంతి పెడితే మాత్రం అవతల పట్టుకునేవాళ్ల అరచెయ్యి మంటెక్కిపోతుంది.

ఆ పిల్ల శివాలయం అర్చకులు చంద్రశేఖరంగారి మనవరాలు. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఆడపిల్ల ఎండలో బంతులు విసరడమేమిటని మొదట్నుంచీ ఆయన మొహం ముడుచుకునే ఉండేవారు. ఈసారి మాత్రం ఒక షరతు పెట్టారు.

"రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకుంటే పంపిస్తాను. తీసుకోకపోతే ఆ గ్లవ్ మీకిచ్చేసి వీణ ముందు కూర్చుంటుంది మాస్టారూ. ఆట చూడ్డానికి మాత్రం నన్ను పిలవకండి. నాకు ఓపికా లేదు, ఆసక్తీ లేదు."

శిబిరానికి పిల్లల్ని ఎంపిక చేసేది విజయవాడలో ఉండే మోహనకృష్ణ అనే పెద్దమనిషి. కిందటేడు ఉదయభాస్కర్ ఆయనకు 'మా పిల్ల చాలా వేగంగా విసురుతుంది' అని రాసి పంపాడు. చాలా అంటే ఎంత అని ఆయన అడిగాడు. దానికి జవాబు లేక ఆ ఏడు పోయింది. ఈసారి షరతు ముందే చెప్పేశాడు. వేగం గంటకు తొంభై కిలోమీటర్లు దాటాలి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరికరంతో కొలవాలి, దానిమీద బాధ్యత గల అధికారి సంతకం ఉండాలి, అంతా సోమవారానికల్లా చేరాలి. అలాంటి పరికరం మన జిల్లాల్లో ఏ బడిలోనూ లేదు. ఉదయభాస్కర్ దిగులుతో హైవే పక్క టీ తాగుతుంటే, ఎదురుగా తన బావమరిది ఉమాశంకర్ లారీల మీదికి ఒక యంత్రం గురిపెట్టి కనిపించాడు. ఉమాశంకర్ ట్రాఫిక్ కానిస్టేబులు. ఆ యంత్రం బళ్ల వేగం కొలిచేది. ఉదయభాస్కర్ టీ సగంలోనే వదిలేసి లేచాడు.

ఇంటికి పిలిచి బావ అడిగింది విని ఉమాశంకర్ ముందు హడలిపోయాడు.

"అది లారీలు కొలిసే మిషను బావా. బంతులు కొలిసేది కాదు."

"లారీ కదిలినట్టే బంతీ కదుల్తాది కదరా. దానికేటి తెలుస్తాది?"

అక్క నీలవేణి కూడా వంటింట్లోంచి గట్టిగా ఒక మాట వేసేసరికి ఉమాశంకర్ మెత్తబడ్డాడు. ఆదివారం పొద్దున్న యంత్రాన్ని బియ్యం సంచిలో పెట్టి మైదానానికి తెచ్చాడు. మామూలుగా అయితే మీట నొక్కినప్పుడల్లా అది వేగం కొలిచి, ఫొటో తీసి, అందులో ఏ బండి నంబరు కనిపిస్తే ఆ బండి యజమాని ఫోనుకి అప్పటికప్పుడే చలానా పంపేస్తుంది. అందుకని ఉమాశంకర్ పక్కనున్న బొత్తం ఏదో నొక్కాడు. అప్పటిదాకా కీచుమంటున్న యంత్రం నోరు మూసుకుంది. "సలానాలు ఎల్లకుండా ఆపీసేను బావా" అని ధైర్యం చెప్పాడు. నిజానికి ఆగింది చప్పుడొక్కటే.

బంతి పట్టుకునే క్యాచర్ వెనక నిలబడి ఉదయభాస్కర్ గురి పెట్టాడు. ఎదురుగా ఆశ్రిత. ఆశ్రిత వెనక కిందటి తుఫానుకు పడిపోయిన ప్రహరీగోడ. ఆ గోడ పడిన సందులోంచి గరివిడి వెళ్లే రోడ్డు, రోడ్డు మీద వచ్చేపోయే బళ్లు. ఆయన కళ్లకు ఇవేవీ ఆనలేదు. యంత్రం కళ్లకు మాత్రం అన్నీ ఆనాయి.

మొదటి బంతి ఎనభై తొమ్మిది. తర్వాతది తొంభై నాలుగు. ఇంకాస్త చెయ్యి తిరిగాక వేసిన బంతి తొంభై ఏడు. ఆశ్రిత విసిరి, తూలకుండా అక్కడే నిలబడి, "ఎంత సార్?" అని అడిగింది. ఆయన వేళ్లతో చూపిస్తే ఆ పిల్ల నమ్మలేదు, పరుగెత్తుకొచ్చి తానే చూసుకుంది.

ఆ ఊపులో ఆయన అక్కడికక్కడే మోహనకృష్ణకు ఫోను చేశాడు. ఆయన శాంతంగా విని, ఏ పరికరంతో కొలిచారు, సంతకం ఎవరిది అని రెండే ప్రశ్నలు వేశాడు. బియ్యం సంచిలో దాచి తెచ్చిన సర్కారు సొమ్ముతో అని ఎలా చెబుతాడు? అన్నీ రేపు పంపిస్తానని ఫోను పెట్టేశాడు. ఉమాశంకర్ యంత్రాన్ని సంచిలో కుక్కుకుని డ్యూటీకి పోయాడు. అంకె దొరికింది గానీ దాని వెనక నిలబడే మనిషి లేడు. ఆయన ఆ బెంగతో ఇల్లు చేరేసరికి అరుగు మీద గోవిందరావు కూర్చుని ఉన్నాడు.

గోవిందరావు ఊళ్లో పెద్ద కిరాణా కొట్టు యజమాని. పిల్లల గ్లవ్‌లన్నీ ఆయన కొనిచ్చినవే. ఆయనకు షుగరు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడని ఇంట్లో చెప్పి, సందు తిరగ్గానే స్కూటరెక్కి బెల్లం జిలేబీ తినడానికి పోతుంటాడు. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లడం వల్ల చలానా ముందు ఆయన భార్య కన్యకాపరమేశ్వరి కంటపడింది. అందులో ఆయన స్కూటరు, హ్యాండిల్‌కి వేలాడుతున్న జిలేబీ పొట్లం, పక్కన ఎనభై తొమ్మిది అన్న వేగం ఉన్నాయి. జిలేబీలు తనకోసమేనని ఆయన ఒట్టు వేశాడట. ఆవిడ నమ్మలేదు.

"తన నోట్లో ఏసుకోడానికి ఎవడూ అంత జోరుగా ఎల్లడంట మాస్టారూ. ఎవతికి అట్టుకెళ్తన్నావో సెప్పమంటన్నాది. నా స్కూటరు నలభై దాటితే చక్రాలూడిపోతాయి. మీ మైదానం ఎదర తీసిన ఫొటో ఇది. ఏటి సేసేరు మీరు?"

ఉదయభాస్కర్ ఫొటో చూశాడు. కింద తారీఖు, టైము చూశాడు. తాము బంతులు కొలిచిన టైమే అది. ఇంతలో ఉమాశంకర్ ఫోను.

"కొంప మునిగింది బావా. ఎస్.ఐ. గారి జీపుకి కూడా సలానా ఎల్లిపోనాది. టేసనుకి వచ్చీ."

ఎస్.ఐ. పృథ్వీరాజ్ ఆ స్టేషనుకి కొత్తగా వచ్చిన మనిషి. నవ్వడం ఆయన డ్యూటీలో లేదు. ఆవేళ పొద్దున్న గోడ సందుకి ఎదురుగా జీపు ఆపుకుని టీ తాగాడు. ఆగి ఉన్న జీపు తొంభై నాలుగు వేగంతో పరుగెత్తిందని సొంత స్టేషనుకే చలానా వచ్చింది. గోవిందరావును వెంటబెట్టుకుని ఉదయభాస్కర్ వెళ్లేసరికి ఆయన బల్లమీద యంత్రం ఉంది, పక్కన ఉమాశంకర్ కొయ్యబారి నిలబడ్డాడు. కాసేపటికి చంద్రశేఖరంగారు కూడా వచ్చారు. వెనక ఆశ్రిత. ఆయన చేతిలోని ఫోను నిండా చలానాలే. అన్నీ ఆ పొద్దుటివే, అన్నీ ఒకే చోటివి. ఒకదాంట్లో ఆయన మోపెడ్ వేగం తొంభై ఏడు.

ఎస్.ఐ. కిటికీలోంచి బయట ఉన్న మోపెడ్‌ను చూశాడు. దాన్ని చూశాక ఆయనకు ఇక విచారణ అక్కర్లేకపోయింది. యంత్రం పాడైపోయిందని తేల్చేశాడు. చలానాలన్నీ రద్దు చేసి, యంత్రాన్ని మరమ్మతుకు విశాఖపట్నం పంపేస్తే సరిపోతుందన్నాడు. గోవిందరావు దండం పెట్టాడు. ఉమాశంకర్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చినంత పనైంది. అతను తప్పు చేశాడని ఇక ఎవరికీ తెలియదు.

ఉదయభాస్కర్ ఒక్కడే దండం పెట్టలేదు. యంత్రం పాడైందంటే తొంభై ఏడు అబద్ధం. నోరు విప్పితే బావమరిది ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఆశ్రిత ఆట పోతుంది. ఆయన ఆ పిల్ల వైపు చూడలేక నేల చూశాడు. ఆశ్రిత భుజానికి వేలాడుతున్న సంచిలోంచి గ్లవ్ తీసి, మాస్టారికి ఇచ్చేయడానికి చెయ్యి చాచింది.

అది ఉమాశంకర్ చూశాడు.

"మిషను సెడిపోనేదు సార్" అన్నాడు. "నానే మా బావకి ఇచ్చీసేను. అది కొలిసింది బళ్లని కాదు, ఈ పిల్ల ఏసిన బంతిని. మిషను తప్పంటే ఈ పిల్ల బంతి కూడా తప్పయిపోద్ది. నన్నేటి సేసినా సెయ్యండి."

ఉదయభాస్కర్ కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. పెళ్లయిన నాటినుంచి ఈ కుర్రాణ్ణి ఎందుకూ కొరగాడని ఎన్నిసార్లు అన్నాడో తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఎస్.ఐ. ఫొటోను పెద్దది చేసి చూశాడు. మోపెడ్‌కి కాస్త ముందు, గాలిలో, తెల్లటి చుక్క. జీపు ముందు కూడా అదే చుక్క. జిలేబీ పొట్లం పక్కనా అదే. అన్నీ చూశాక ఆయన చంద్రశేఖరంగారి వైపు తిరిగాడు.

"అంతా బాగానే ఉంది పంతులుగారూ. ఇంతకీ మీరు ఒకే రోడ్డు మీద అటూ ఇటూ అన్నిసార్లు ఎందుకు తిరిగారు?"

గుడికి పూలకోసం వెళ్లానన్నారాయన. ఆ రోడ్డులో పూలు అమ్మేవాళ్లెవరూ లేరని గోవిందరావు అడక్కుండానే చెప్పేశాడు. ఆశ్రిత తాతగారి మొహంలోకి చూసింది.

"మీరు వచ్చారా తాతగారూ?"

ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు. "ఆ గోడ పడిపోయింది కదూ. ఎప్పుడు కడతారో చూద్దామని వెళ్లాను" అన్నారు.

ఎస్.ఐ. ఉమాశంకర్ వైపు తిరిగాడు. అడగకుండా యంత్రం పట్టుకెళ్లినందుకు ఉమాశంకర్‌కి ఓ నెల ఆదివారాలు సెలవు లేదన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఇక చలానాల సంగతి. రద్దు చేయాలంటే ఉన్న కారణం ఉన్నట్టు రాయాలి, అది నియమం. ఆయన చెబుతుంటే ఉమాశంకర్ రాయడం మొదలుపెట్టాడు. యంత్రం సక్రమంగా పనిచేయుచున్నది. ఇందులో నమోదైన వేగం (గరిష్ఠం తొంభై ఏడు కిలోమీటర్లు) వాహనానిది కాదు. గుమ్మలపేట ఉన్నత పాఠశాల విద్యార్థిని ఆశ్రిత విసిరిన బంతిది. కింద ఎస్.ఐ. సంతకం పెట్టి, స్టేషను ముద్ర గుద్దాడు. జిలేబీలు తాను తినడానికేనని కూడా ఒక ముక్క రాయమని గోవిందరావు బతిమాలాడు గానీ, తనకు తెలియని విషయం మీద సంతకం పెట్టనన్నాడాయన.

ఉదయభాస్కర్ ఆ కాగితాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. గుర్తింపు ఉన్న పరికరం, బాధ్యత గల అధికారి సంతకం, రెండూ కళ్లముందున్నాయి. మోహనకృష్ణ అడిగిన దాంట్లో లేనిది ఒక్కటీ లేదు. ఆయన ఒక నకలు ఇప్పించమని అడిగాడు.

"ఎందుకు?" అన్నాడు ఎస్.ఐ.

"ఈ పిల్ల బతుకు మారుతుంది సార్."

ఎస్.ఐ. ఇంకేమీ అడక్కుండా నకలు తీయించి, దానిమీద కూడా ముద్ర వేసి ఇచ్చాడు.

సోమవారం మధ్యాహ్నం మోహనకృష్ణ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పిల్లల వేగానికి హామీగా కోచ్‌లు, హెడ్మాస్టర్లు రాసిన ఉత్తరాలు బోలెడు చూశాను గానీ పోలీసులు పూచీపడ్డ పిల్లను ఇదే చూడ్డమన్నాడు. ఆశ్రితను శిబిరానికి తీసుకున్నారు.

ఆ సాయంత్రం ఉదయభాస్కర్ ఇంటింటికీ తిరిగాడు. ఉమాశంకర్‌ని కావలించుకుంటే అతను ఇబ్బందిపడి "వదులు బావా" అన్నాడు. ఎస్.ఐ.కి నమస్కారం పెట్టి వచ్చాడు. గోవిందరావు కొట్టుకి వెళ్లి, జిలేబీలు ఆయనవేనని కన్యకాపరమేశ్వరికి స్వయంగా సాక్ష్యం చెప్పాడు. గోవిందరావు గండం గడిచింది, జిలేబీలు మాత్రం ఆగిపోయాయి. వచ్చే దారిలో గోడ పడిన చోట ఆగి, ఇన్నాళ్లూ దాన్ని కట్టకుండా వదిలేసిన కాంట్రాక్టరు ఎవరో గానీ, వాడు చల్లగా ఉండాలని మనసారా కోరుకున్నాడు. ఇంతమంది తలో చెయ్యీ వేస్తే తప్ప ఒక పిల్ల ముందుకు పోదని ఆయనకు ఆవేళ తెలిసింది.

చలానాలన్నీ రద్దయ్యాయి, ఒక్కటి తప్ప. చంద్రశేఖరంగారు మర్నాడు స్టేషనుకి వెళ్లి, తొంభై ఏడుది మాత్రం రద్దు చేయవద్దని ఎస్.ఐ.ని ప్రాధేయపడి, ఆ జరిమానా కట్టి రసీదు పుచ్చుకున్నారు. దానికి అద్దం కట్టించి పూజగదిలో పెట్టారు. అందులో 'నేరం: అతివేగం' అని అచ్చు వేసిన చోట, కింద పెన్నుతో ఆయన చేతిరాత ఉంది: 'మా మనవరాలిది'.