ఇల్లు కదలని మామ్మలు

ఇకమీదట మనిషి ఎక్కడున్నదీ మనిషి చెబితే చెల్లదు, ఫోను చెప్పాలి. ఇది నా మాట కాదు, రాకపోకల పరిశీలన శాఖ వారి మాట. ఎవరు ఏ పూట ఎటు పోతున్నారో అందరి ఫోన్ల నుంచీ రాబట్టి, దాన్నిబట్టి బస్సులు నడుపుతారట. (మా కాలంలో ఈ పని ఎదురింటావిడ చేసేది, జీతం లేకుండా.)

ఆ లెక్కన మా వీధి చివర బస్టాపులో ఎవరూ ఎక్కడం లేదని తేలింది. స్టాపు ఎత్తేస్తామని కాగితం అంటించారు. మా చెల్లెలు తుంటి విరిగి మంచాన పడింది. రోజూ వెళ్ళి దానికి తల దువ్వి, నాలుగు ముద్దలు తినిపించి వచ్చేది నేనే, ఆ బస్సు మీదే.

శాఖ వారి ఆఫీసుకెళ్ళాను. అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. కంప్యూటర్ చూసి చెప్పాడు.

"మామ్మగారూ, మీరసలు ఇల్లు కదలడం లేదండీ."

"నీ ఎదురుగా కూర్చున్నాను కద నాయనా."

"మీరు కూర్చున్నారండీ. మీ ఫోను ఇంట్లో ఉంది."

నిజమే. బస్సులో ఎవరైనా కొట్టేస్తారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి వస్తాను. ఆ స్టాపులో ఎక్కే ఆడవాళ్ళందరిదీ అదే వరస.

"అత్తయ్యా, దానికీ కాస్త గాలి తగలనివ్వండి," అంది మా కోడలు. సరేనని ఆ రోజు నుంచీ అందరం ఫోన్లు సంచుల్లో వేసుకుని బయల్దేరాం. బస్సు మాత్రం ఎప్పటిలాగే దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అంతసేపూ బెంచీ మీద కబుర్లు చెప్పుకుంటూ, కూరలు బాగుచేసుకుంటూ, కునుకు తీస్తూ కూర్చునేవాళ్ళం.

నెల తిరిగాక ఓ పొద్దున స్టాపులో ఉండగానే ఆ అధికారి ఫోను చేశాడు.

"మామ్మగారూ, ఇప్పుడు మీరంతా లెక్కలో చక్కగా కనిపిస్తున్నారండీ."

"బతికించావు. బస్సు ఉంటుందిగా?"

"అక్కడే చిన్న చిక్కండీ. మనిషి ఎక్కడ ఎక్కువసేపు మెదలకుండా ఉంటే అదే వాళ్ళ ఇల్లని మా నిబంధన. రాత్రిళ్ళు మీరంతా ఫోన్లు ఆపేస్తారాయె. చూడబోతే మీ కాపురాలన్నీ బస్టాపులోనే అని తేలింది."

"బస్సు రాకపోతే కూర్చోక ఏం చేస్తాం నాయనా?"

"బస్సుల సంగతి మాకు తెలీదండీ, మేం మనుషుల్నే చూస్తాం. ఇంట్లో కూర్చున్నవాళ్ళు ప్రయాణికుల కిందకి రారు కదా, అందుకని నిన్నటితో బస్సు ఆపేశాం." (అన్నాక ఆరోగ్యం జాగ్రత్త అని కూడా అన్నాడు, పాపం.)

ఫోను పెట్టానో లేదో మా చెల్లెలు చేసింది.

"అక్కా, బయల్దేరావా?"

"లేదే," అన్నాను, "ఇంట్లోనే ఉన్నాను."